నాలుగో పేరు, పదకొండో పేరు

శనివారం, మధ్యాహ్నం మూడున్నర. ఉన్నవారు: నేను, అమ్మ, నాన్న, రెండేళ్ల చెల్లి, పక్క ఫ్లాట్ మనీలా ఆంటీ.

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో రాసుకున్న డైరీలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది. దాని కింద కొద్ది ముక్కలే ఉన్నాయి. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి మేము దేశం దాటొచ్చి, బెడోక్ అనే పేటలో కొత్తగా కట్టిన ఫ్లాట్లలోకి వచ్చి ఏడాది. నాన్న ఓడల యార్డులో వెల్డరు. పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఫిలిప్పీన్స్ మనిషి కనక అందరికీ మనీలా ఆంటీ. ఆ అంతస్తులో అమ్మతో మాట్లాడేది ఆమె ఒక్కతే. ఇద్దరూ అక్కడి మలయ్ భాష ముక్కలతో, చేతి సైగలతో గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవారు. నాతో మాత్రం ఆమె ఇంగ్లీషులో, ఆ దేశపు అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి మాట్లాడేది.

ఆంటీ వాళ్ల తాత ఒక స్పానిష్ దొర తోటలో పనిచేసి, అక్కడి చెట్లకూ పొదలకూ స్పానిష్ పేర్లు ఒక నోటుబుక్కులో రాసిపెట్టాడట. అది పురుగు తిని పోతోంది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, కొత్త పుస్తకంలోకి ఎక్కించమని ఆమె నన్ను అడిగింది. నేను అక్షరాలు చదివితే ఆమె సరిగ్గా పలికి, అర్థం చెప్పేది. నా కోసం తెలుగులో మరో ప్రతి రాసుకున్నాను. పేరు, అర్థం, ఏ చెట్టు అని మూడు నిలువు గడులు గీశాను.

మొదటిది సమాన్. మా రోడ్డు మీద గొడుగులా పరుచుకుని, సాయంత్రం అయిదయ్యేసరికి ఆకులు ముడుచుకునే పెద్ద చెట్టు. గ్వయాబా అంటే జామ. సపోతె అనగానే నేను ఎగిరి గంతేసి ఇంట్లో చెప్పాను. నాన్నకు ఆ గంతు నచ్చలేదు.

“మన సపోటాకి ఆల్లు పేరెట్టడమేటి? ఆవిడ నీకు ఏటేటో నూరిపోత్తంది, సూసుకో.”

ఒంటరిగా ఉండే మనుషులంటే నాన్నకు మొదటినుంచీ నమ్మకం లేదు. ఆ మాట తర్వాత నేనూ ఆంటీ వంటింటి వైపు ఒక కన్ను వేసి ఉంచేవాణ్ణి.

నాలుగో పేరు మాద్రె దె కకావో. కోకో మొక్కల తల్లి అని అర్థం. లేత కోకో మొక్కలకు ఎండ తగలకుండా దీన్ని పక్కనే పెంచుతారని ఆంటీ చెప్పింది. మా బ్లాకు వెనక, కాలవ పక్కన గులాబీ రంగు పూలతో ఉండేది ఆ చెట్టే.

పదకొండో పేరు మాతా రాతోన్. రాతోన్ అంటే ఎలుక అని చెప్పి, పొయ్యి మీద అన్నం చూడ్డానికి ఆంటీ లోపలికి వెళ్లింది. నేను ఆగలేదు. మలయ్‌లో మాతా అంటే కన్ను. మా ఇంట్లో మాత అంటే తల్లి. ఎలుక కన్ను అని చెట్టుకు ఎవరు పేరు పెడతారు? పైన ఒక తల్లి ఉంది కదా అని ‘ఎలుకల తల్లి’ అని రాసేశాను.

తిరిగొచ్చిన ఆంటీకి అది చదివి చెబితే, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది.

“నో లా, బాయ్! మాతా అంటే చంపేది. ర్యాట్ తింటే, ఫినిష్!”

ఏ చెట్టు అని అడిగాను. ఆమె పెదవులు ముందుకు చాచి కిటికీలోంచి చూపించింది. అదే చెట్టు. కాలవ పక్కది.

నాకు నవ్వు రాలేదు. ఒకే చెట్టుకు ఒక పేరులో తల్లి, ఇంకో పేరులో చంపేది. రెండు పేర్ల కిందా ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను. ఆ రోజునుంచి ఆంటీ ఎప్పుడు కిందికి దిగుతోందో, చేతిలో ఏం పట్టుకొస్తోందో టైముతో సహా రాసుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఆమె చేతిలో ఆ చెట్టు రెమ్మలు కనిపించాయి. శనివారం ఆమె వంటింట్లోంచి పచ్చి వాసన వచ్చింది. మూడున్నరకు ఆమె పెద్ద గిన్నె పట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది.

చెల్లికి వారం నుంచి ఒళ్లంతా దద్దుర్లు. క్లినిక్ మందు రాస్తున్నా గోకుడు ఆగలేదు. ఆకులు కాచిన ఆ నీళ్లతో ఒళ్లు కడగడానికి అమ్మ అప్పటికే చెల్లి గౌను విప్పింది.

ఆంటీకి అర్థం కాదన్న ధైర్యంతో తెలుగులో అరిచాను. “నాన్నా, అది ఎలకల్ని చంపే చెట్టు! మాతా రాతోన్! ఆంటీయే చెప్పింది!”

నాన్న ఒక్క అంగలో వచ్చి చెల్లిని లాక్కున్నాడు. “నాను ముందే సెప్పినాను. ఆ గిన్నె ఒట్టుకుపొమ్మను.”

“సంపాలనుకున్న మనిసి సెట్టు పేరు సెప్పి మరీ సంపుతాదా?” అంది అమ్మ.

“మనసులో ఏటుందో మనకేటి తెలుసు?”

అంత తెలుగులో ఆంటీకి అర్థమైనవి రెండే మాటలు, మాతా రాతోన్. ఆమె నాన్నవైపు చూడలేదు. నావైపు చూసింది. గిన్నె ఎత్తుకుని వెళ్లిపోతుందనీ, ఇక మా గుమ్మం తొక్కదనీ అనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుందని అమ్మ మొహమే చెప్పింది.

ఆంటీ గిన్నె కింద పెట్టి, మోచేతులదాకా రెండు చేతులూ అందులో ముంచింది. అదే నీళ్లతో మొహం కడుక్కుంది. తర్వాత నేల మీద కూర్చుని, “బాయ్, టైం చూడు. రాయి” అంది.

అయిదు నిమిషాలకొకసారి ఆమె చేతులు చూసి రాశాను. మార్పు లేదు. మార్పు లేదు. ఆ మధ్యలో ఆమె నెమ్మదిగా చెప్పింది: ఎలుకలకు పెట్టేది బెరడు, మొక్కజొన్నలో కలిపి పులియబెట్టి. ఒంటికి వాడేది ఆకు నీళ్లు. తాగకూడదు, అంతే. “అనుమానం వచ్చిందా, ఓకే లా. బట్ ఫస్ట్ నా తలుపు కొట్టాలి. నీ ఫాదర్ చెవి కాదు.”

నేను తలెత్తలేదు. నాన్న మాత్రం, “అరగంటలో ఏటి తెలుత్తాది? రేపటిదాకా సూడాల” అన్నాడు. ఆ మాట నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఆంటీ తలూపింది. “కరెక్ట్. టుమారో.” చెల్లికి ఆ రోజు స్నానం చేయించలేదు.

మర్నాడు ఆరున్నరకు తలుపు చప్పుడైంది. ఆంటీ నైటీలోనే, బడిలో గోళ్లు చూపించే పిల్లలా రెండు చేతులూ చాచి నిలబడింది. నాన్న ఆమెను ట్యూబ్‌లైటు కిందికి రమ్మని, చేతులు తిప్పి తిప్పి చూశాడు. మొహం చూశాడు. తర్వాత పక్కకు జరిగి, ఆ నీళ్లతో ఒళ్లు కడగడానికి చెల్లిని అమ్మకు అందించాడు. చెల్లి దద్దుర్లు ఆ నీళ్లకు తగ్గాయో క్లినిక్ మందుకు తగ్గాయో నాకు తెలియదు. అందుకే రాయలేదు.

అనుమానించే గుణం నాకు ఈ వయసులోనూ పోలేదు. చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. అయినా ఎవరి మీద వస్తే ముందు వాళ్ల తలుపే కొడతాను.