మూడు పేర్ల డబ్బా

ఆర్మూర్‌లో మా రైతు సంఘానికి పసుపు ఉడకబెట్టే మిషన్లున్నాయి. ట్రాక్టర్లకు తగిలించి, వంతుల ప్రకారం ఊళ్లకు పంపుతాం. ఆ వంతులు కంప్యూటర్‌లో ఎక్కించే పని నాది. పాత కంప్యూటర్ మొరాయిస్తోందని, ఆఫీసంతా కలిసి వాడుకునేలా ఒక స్టోరేజ్ డబ్బా కొన్నారు. వంతుల డేటాబేస్‌ను అందులోకి మార్చే పని నా నెత్తిన పడింది.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోన్‌లో గడగడా చెప్పాడు. "డేటా ఫైల్ ఒక డిస్క్‌లో పెట్టండి మేడం, లాగ్ ఫైల్ వేరే డిస్క్‌లో, బ్యాకప్ ఇంకోచోట." డేటా అంటే వంతులు, సరే. లాగ్ అంటే వాటిలో జరిగే ప్రతి మార్పూ రాసుకునేదట. రెండూ ఒకేచోట ఉంటే ఏం కొంపలు మునుగుతాయని అడిగితే మళ్లీ అదే మాట, ఇంకాస్త వేగంగా! ఒళ్లు మండింది. నాకు ఇప్పటికీ అది సరిగ్గా అర్థం కాలేదు. తెర మీద ఆ డబ్బా మూడు పేర్లతో కనిపించింది. మూడు డిస్కులనుకుని మూడు ఫైళ్లూ మూడింట్లో సర్దేసి, తెగ మురిసిపోయాను.

పసుపు తవ్వకాలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక పొద్దున వంతులు తెరుచుకోలేదని కబురొచ్చింది. ఉరుకులు పరుగుల మీద వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఆ అబ్బాయికి ఫోన్ కలిపాను. పేర్లు మూడైనా లోపలి డిస్కులు ఉమ్మడివేనట. గోడౌన్ కెమెరాల వీడియోలు కూడా అందులోకే పోయి డబ్బా నిండిపోయిందట. మరి మూడు పేర్లెందుకు పెట్టినట్టు? అతను నవ్వి, సాయంత్రానికల్లా బాగు చేస్తానన్నాడు.

బయట ప్రతి రైతూ తన వంతే ముందంటున్నాడు. సంఘం అధ్యక్షుడికి విసుగొచ్చింది. "లొల్లి బంద్ జేయుండ్రి! చెప్పులు లైన్ల పెట్టుండ్రి!" అన్నాడు. యూరియా కోసం మనుషులకు బదులు చెప్పులు వరుసలో పెట్టడం అందరికీ అలవాటైన పద్ధతే. చెప్పుల వరుస వరండా పొడవునా సాగి నా గుమ్మం దాటింది.

నందిపేట్ నుంచి ఆటోలో వచ్చిన ఒక పెద్దావిడ బాగా వెనక పడింది. కిటికీలోంచి నన్ను నిలదీసింది.

"తవ్వి కుప్పవోసిన బిడ్డా. గియ్యాల ఉడకవెట్టకుంటే అంత ఖరాబైతది. నా వంతు నువ్వే ఎక్కిస్తివి గద, ఏడ వెట్టినవ్?"

"మూడు జాగలల్ల పెట్టిన అమ్మా."

"మూడు జాగలల్ల పెడితే ఒక్క జాగల గూడ లేకపాయెనా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మిషన్లు ఒక్కొక్కటే కదిలాయి. ఆఖరిది మాత్రం ఆగిపోయింది. దాని వంతు వచ్చిన నీలం చెప్పుల మనిషి కనబడటం లేదు. ఆ వెనకే పెద్దావిడ చెప్పులు. "ఎవలియి గీ చెప్పులు?" అని అధ్యక్షుడి అరుపులు. మనిషి వస్తేగానీ మిషన్ కదలదంటాడు. ఎండ ముదిరింది. చెప్పులు పెట్టి ఎటు పోయాడో బుద్ధిలేని మనిషి, ఆ తల్లి పసుపు ఏం కావాలని లోపల నేనూ తిట్టుకున్నాను.

చివరికి చాయ్ తాగొద్దామని బయటికొచ్చి చెప్పుల కోసం చూశాను. గుమ్మం దగ్గర, మిగిలిన వరుసలో అన్నిటికన్నా ముందు, నీలం చెప్పులు.

"నావే," అన్నాను.

వరండా అంతా గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. తన చెప్పులు తొడుక్కుని, గబగబా పోయి ట్రాక్టర్ ఎక్కింది. బండి కదిలాక నావైపు తిరిగింది.

"గా డబ్బా సంగతి తర్వాత బిడ్డా. ముందుగాల నీ చెప్పులు ఏడ వెట్టాల్నో ఎరుక చేస్కో."