డీలక్స్ బిళ్ల

పదకొండేళ్లుగా నేనొక మాటను మోస్తున్నాను. దొంగతనం కూడా చేశాను, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ పొద్దున లేవగానే గుర్తొచ్చేది దొంగతనం కాదు, ఆ మాటే. "గిటార్‌లో ఏ లోపమూ లేదు మాస్టారూ. లోపం మీ చేతిలో ఉంది." ఇంతే. ఒక మంచి మనిషి మొహం మీద, అబద్ధమని తెలిసీ, నవ్వుతూ అన్నాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలియనివాళ్లతో చెప్పుకోవడం తేలిక అనుకుని కూర్చున్నాను. కాదని మొదటి కాగితంతోనే తెలిసింది. మూడు కాగితాలు చింపాను. మూడింటిలోనూ ముందు మా ఇంటి పేదరికం గురించే రాశాను. తప్పు ఒప్పుకుంటానని కూర్చున్నవాడికి మొదట తన పేదరికం ఎందుకు గుర్తొస్తుంది? మీరు జాలిపడాలనే కదా. అందుకే చింపేశాను. ఈసారి జరిగింది జరిగినట్టు చెబుతాను. నన్ను మంచివాణ్ణి చేసే వాక్యం ఎక్కడైనా దొర్లితే నమ్మకండి.

తొంభైల చివర్లో గుంటూరు బ్రాడీపేటలో ఒక వాద్యాల షాపులో పనిచేసేవాణ్ణి. హార్మోనియాలు, తబలాలు, డోలక్‌లు, నాలుగైదు గిటార్లు. సాయంత్రాలు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రావాళ్లతో కలిసి వాయించేవాణ్ణి, అదీ అడిగి తెచ్చుకున్న గిటార్‌తో. షాపుకి మంచి బేరాలు చుట్టుపక్కల పల్లెల చర్చీల నుంచి వచ్చేవి. మిరప కోతలయ్యాక అక్కడ కోత పండుగ చేస్తారు. ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి చర్చిలో పెడతారు. చేను లేనివాళ్లు కూలికి వచ్చిన కాయలో, పెంచుకున్న కోడిపుంజో తెస్తారు. తర్వాత అన్నిటికీ వేలం పాట. వచ్చిన దానితో ఆ ఏటికి చర్చికి ఏం కావాలో కొంటారు. పెదకాకాని దాటి లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న ఊరివాళ్లు ఆ ఏడు ఎలక్ట్రిక్ గిటార్ కొనాలనుకున్నారు.

కొనడానికి వచ్చింది ప్రభుదాసు మాస్టారు. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. ఆదివారాలు చర్చిలో మామూలు చెక్క గిటార్ వాయించేవారు. చేయి పరవాలేదు, చెవి మాత్రం గొప్పది. షాపులోకి అడుగుపెడుతూనే గోడకున్న గిటార్ తీగ ఒకటి మీటి, "అబ్బాయ్, ఇది కాస్త దిగింది చూడు" అనేవారు. చూస్తే నిజంగానే దిగి ఉండేది.

మా యజమాని దగ్గర మద్రాసు నుంచి తెచ్చిన కేటలాగ్ జిరాక్స్ ఉండేది. అందులో ఒకే మోడల్ గిటార్ రెండు రకాలు: స్టాండర్డ్, డీలక్స్. చూడటానికి కవలపిల్లలే. అదే ఆకారం, అదే ఎరుపు రంగు. తేడా అంతా చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. స్టాండర్డ్‌కి ఒళ్లు పల్చటి చెక్కలు పొరలుగా అతికించి చేసింది, డీలక్స్‌కి ఒకే గట్టి చెక్క. తీగలు బిగించే కీలు స్టాండర్డ్‌కి రేకువి, నాలుగు పాటలకే జారిపోతాయి. డీలక్స్‌వి పోతపోసినవి, బిగిస్తే బిగించినట్టే ఉంటాయి. తీగల చప్పుడును పట్టే పికప్‌లు స్టాండర్డ్‌లో పక్కన ట్యూబులైటు వెలిగితే చాలు, గుయ్యిమంటాయి. మరి పైకి కనిపించే తేడా? ఒక్కటే. గిటార్ తల దగ్గర చిన్న ప్లాస్టిక్ బిళ్ల. డీలక్స్ బిళ్ల మీద ఆ పేరు బంగారు రంగు అక్షరాల్లో ఉంటుంది. స్టాండర్డ్‌కి ఏమీ రాయని నల్ల బిళ్ల. ఏదైనా రెండు మరలతో బిగించిందే.

మాస్టారు డీలక్సే కావాలన్నారు. మే నెలలో ఆరుబయట ప్రార్థన కూటాలు పెడతారు, మన ఎండలకి శృతి నిలవాలి కదా అన్నారు. ఆయన లెక్క సరైనదే. అదే పార్సిల్లో నాకో స్టాండర్డ్ తెప్పించమని, నెలనెలా జీతంలో పట్టుకోమని యజమానిని బతిమాలుకున్నాను. ఒప్పుకున్నాడు.

పార్సిల్ వచ్చినరోజు మధ్యాహ్నం యజమాని భోజనానికి ఇంటికి వెళ్లాడు. షట్టర్ సగం దించి రెండూ బయటికి తీశాను. ముందు నాది వాయించాను. సంతోషంగానే ఉంది. సొంత గిటార్ అని ఒళ్లంతా పొంగింది కూడా. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఎలా ఉంటుందో చూద్దామని రెండోది ఎత్తుకున్నాను. ఒక్క తీగ మీటాను. వేలు తీసేదాకా అది పలుకుతూనే ఉంది. ఇంకోటి మీటాను. నాకు ఏడుపొచ్చింది. నా చేతిలో అంత ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఇలాంటి దాన్ని పల్లెలో వారానికి ఒక్కపూట వాయించి ఆరు రోజులు బీరువాలో పెడతారే, నాలాంటివాడి చేతిలో ఉండాల్సింది కదా అనుకున్నాను. నిజంగా అప్పుడే అనుకున్నానా, తర్వాత నన్ను నేను సర్దుకోవడానికి అల్లుకున్నానా? ఎన్నిసార్లు తవ్వి చూసినా అప్పుడు ఏమీ అనుకున్నట్టు లేదు. కావాలనిపించింది. స్క్రూడ్రైవర్ పక్కనే ఉంది. నాలుగు మరలు విప్పి, బిళ్లలు అటుదిటు మార్చి, మళ్లీ బిగించాను. యజమాని హార్మోనియం మనిషి. వచ్చి బంగారు అక్షరాలు చూసి, చర్చిది జాగ్రత్తగా ప్యాక్ చెయ్యమన్నాడు. చేశాను.

కొత్త వాద్యం వస్తే చర్చిలో ఊరికే వాయించరు. పాస్టరు గారు దానిమీద చేయి ఉంచి, ఇక ఇది దేవుడి సొత్తు అని ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత దానికి ఎవరూ వంక పెట్టరు. నేనూ అలాంటి చర్చిలోనే పెరిగాను, నాకీ సంగతి తెలుసు. తెలిసీ దానివల్ల ఏం జరుగుతుందో ఆలోచించలేదు. నాలుగో పాటకల్లా గిటార్ శృతి తప్పేది. మాస్టారు బిగించుకునేవారు. మళ్లీ తప్పేది. పెద్దలు మొహాలు చూసుకునేవారట. గిటార్ చూస్తే డీలక్స్. ఊరంతా మిరపకాయలు తెచ్చి పోసి కొన్నది, పాస్టరు గారు చేయి ఉంచినది. దాంట్లో లోపం ఎందుకుంటుంది? వాయించేవాడి బతుకులో ఏదో ఒప్పుకోని పాపం ఉండి ఉంటుందని ఒక పెద్దమనిషి పైకే అనేశాడట.

అప్పుడు మాస్టారు గిటార్‌ని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కి షాపుకి వచ్చారు.

"అబ్బాయ్, ఏమీ అనుకోబాక. ఇది మనం అడిగిన గిటార్ కాదేమో అనిపిస్తంది నాకు. ఓసారి విప్పి చూడు."

యజమాని గల్లా దగ్గరే ఉన్నాడు. నా గిటార్ సంచిలో గోడకి ఆనించి ఉంది, మాస్టారి మోకాలికి జానెడు దూరంలో.

"విప్పేదేముందండీ, పైన రాసే ఉందిగా డీలక్స్ అని."

"రాసుందయ్యా, కాదన్లా. నా చెవికి మాత్రం అట్టా వినపడట్లా."

ఆయన చేతిలోంచి తీసుకుని శృతి చేసి ఒక్క ముక్క వాయించాను. ఒక్క ముక్కకి ఏ కీ జారదు. అది నాకు బాగా తెలుసు. చక్కగా పలికింది.

"విన్నారుగా? గిటార్‌లో ఏ లోపమూ లేదు మాస్టారూ. లోపం మీ చేతిలో ఉంది. ఆడలేక మద్దెల ఓడంటే ఎట్టాగండీ?"

యజమాని గట్టిగా నవ్వాడు. మాస్టారు కూడా నవ్వబోయారు.

"అంతేనంటావా?"

"అంతేనండీ."

ఆయన ఎడమ చేయి ఒకసారి తిప్పి చూసుకున్నారు. తర్వాత గిటార్‌ని మళ్లీ దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయారు. ఇంతా చేసి ఆ మద్దెల నిజంగా ఓటిదే. అది ఆయన చేతిలో పెట్టింది నేనే. నిజం చెప్పే ధైర్యం లేదనుకుందాం, కనీసం ఆ రేకు కీలు తీసి మంచివి వేసి పంపొచ్చు కదా? ఆ ఆలోచన వచ్చింది. వేస్తే డీలక్స్‌కి కీలు మార్చాల్సిన అవసరమేమిటని యజమాని అడుగుతాడు. అందుకని వెయ్యలేదు. నా మాటకి తిరుగు లేకుండా ఉండటం కోసం ఆయన్ని ఆయనే అనుమానించుకునేట్టు చేశాను.

మరుసటి ఏడు కోత పండుగకి ఆ ఊరివాళ్లు ఒకపూట వాయించడానికి నన్ను పిలిచారు. వెళ్లాను. నా గిటార్ తీసుకునే వెళ్లాను, ఎంత తెగింపో చూడండి. పాటలకి ముందు, ఎవరి అనుభవం వాళ్లు లేచి అందరికీ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మాస్టారు లేచారు. వాద్యం సంగతి తెలిసినవాళ్లు తన చేతిలోనే లోపం ఉందని చెప్పారన్నారు. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండి ప్రార్థించానన్నారు. ఏ పాపమో తనకి తెలియలేదట. తెలియకపోయినా ఒప్పుకుంటున్నానని, ఇక దేవుడి వాద్యాన్ని ముట్టుకోనని అందరి ముందూ చెప్పి కూర్చున్నారు. ఆడవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. చెయ్యని పాపాన్ని ఆయన ఒప్పుకున్నారు. చేసినవాణ్ణి నేను చాప మీద, తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉన్నాను. నోరు తెరవొచ్చు. రెండే రెండు మాటలు. తెరవలేదు. ఆ పూటంతా వాయించాను, ఒక్క తీగ కూడా జారలేదు. మామూలు గిటారే అయినా చెయ్యి మంచిదైతే ఎట్టా పలుకుతుందో చూశారా అని ఒక పెద్దాయన అందరికీ చెప్పాడు. భోజనాల దగ్గర మాస్టారే నా విస్తట్లో కూర వడ్డించారు. తిన్నాను.

ఆ గిటార్ నాకు పేరు తెచ్చింది. చీరాల, ఒంగోలు దాకా పిలిచేవాళ్లు. ఇప్పుడు నాకు సొంతంగా రిపేరు షాపుంది. పైకి మరిచిపోయినట్టే తిరిగాను. నిజానికి మరిచిపోలేదు, పెదకాకాని బస్సు కనిపిస్తే మొహం తిప్పుకోవడం అలవాటైంది.

పోయిన నెల ఒక పదో తరగతి పిల్ల స్నేహితురాలితో కలిసి షాపుకి వచ్చింది. నేనేదో గిటార్ సరిచేస్తున్నాను. కాసేపు విని, మూడో తీగ కాస్త దిగిందండీ అంది. దిగింది. నేర్చుకుంటున్నావా అని అడిగాను. లేదట. తనకి ఇష్టమేనట గానీ నాన్న వద్దంటారట. మన చేతుల్లో సంగీతం లేదమ్మా, తెలిసినవాళ్లే చెప్పారు, ఆశపడి నవ్వులపాలు కావద్దు అంటారట. మీ నాన్నెవరని అడగక్కర్లేదు. అయినా అడిగాను. పేరు చెప్పింది.

నా మాట ఆయన దగ్గరే ఆగిపోయిందనుకున్నాను. అది ఆ ఇంట్లో పెరిగి కూతురి దాకా వచ్చింది. ఇంక ఆగడం నావల్ల కాలేదు.

మా ఆవిడకి చెప్పాను. వాళ్లింటికి వెళ్లి చాటుగా చెప్పి రా, చర్చి బేరాలు పోతే మనం బతికేదెట్టా అంది. ఆమె భయంలో తప్పేమీ లేదు. నా షాపు సగం చర్చీల మీదే నడుస్తోంది. కానీ ఆయన తల వంచింది చాటుగా కాదు. ఊరందరి ముందు. కాబట్టి నేను చెప్పాల్సింది కూడా అక్కడే. పాస్టరు గారికి కబురు పెట్టాను, ఈ ఆదివారం సాక్ష్యం చెబుతానని. నా గిటార్ తీసుకెళతాను. చర్చి బీరువాలో ఉన్నది కూడా తీయించి, పక్కపక్కన పెట్టి, రెండింటి కీలూ విప్పి చూపిస్తాను. కంటికి కనిపిస్తే తప్ప నమ్మరు, ప్రతిష్ఠించిన వాద్యం మరి. నేను తెచ్చుకున్నది అక్కడే వదిలేసి వస్తాను. తిడతారు. కొట్టినా కొట్టొచ్చు. బేరాలు పోతాయి, పోనీ.

ఒక్కటి మాత్రం చెయ్యను. క్షమించమని అడగను. అడిగితే మాస్టారు క్షమించేస్తారు, ఆయన అలాంటి మనిషి. లోపల ఎంత మండుతున్నా అందరి ముందూ నా భుజం తట్టాల్సి వస్తుంది. ఆయనతో అది కూడా చేయించుకోలేను. కోపం ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోనీ. అది ఆయన హక్కు.

మీకు చెబుతుంటే పదకొండేళ్లలో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడుతోంది. ఈ తేలికదనం నాకు దక్కాల్సినదో కాదో తెలియదు. అక్కడ ఏం చెప్పాలో ఇప్పుడే చివరిసారి చదువుకున్నాను. మాస్టారి వైపు చూడగలనో లేదో గానీ, ఆడపిల్లల వరసలో కూర్చున్న ఆ పిల్లకి వినపడేట్టు చెబుతాను. అమ్మా, మీ నాన్న చెవి సరిగ్గానే విన్నది. ఆయన చేతిలో ఏ లోపమూ లేదు. అబద్ధం చెప్పింది నేను.