ముడుల పిన్ని, పదిహేడో కాయ

“ఈ పారాచూట్ విచ్చుకోకపోతే నీకేం పోతుంది పిన్నీ?”

అడిగింది ఓ సైనికురాలు. ఇరవై నాలుగేళ్లుంటాయి. కొలతలివ్వడానికి షెడ్డుకొచ్చి, తను దిగబోయే కాయలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఈ మాట అనేసింది. ముడుల పిన్ని నోట్లో సూది ఉంది. తీసి చెప్పింది: “నాకేం పోదమ్మా. పోయేదేదో నీకే పోతుంది. మెడ నిటారుగా పెట్టు, పట్టీ కొలవాలి.”

దేశం, త్యాగం లాంటి మాటలు ఆమె నోట రావు. ఓసారి పత్రికవాళ్లొచ్చి ‘సైనికుల రెండో తల్లి’ అని రాస్తే, ఆ కాగితంలో మైనం ముక్కలు చుట్టిపెట్టుకుంది. ఉన్న ఇద్దరు పిల్లల్ని పెంచేసరికే తలప్రాణం తోకకొచ్చిందని, ఇంకో మూడొందల మందికి తల్లి కావడం తన వల్ల కాదని ఆమె వాదన. న్యాయమైన వాదనే.

కాయ అంటే ఒక్క మనిషి పట్టే ఇనుప పెట్టె. భూమి చుట్టూ తిరిగే ఓడలోంచి ఒక్కో సైనికుణ్ణి ఒక్కో దాంట్లో పెట్టి కిందికి వదులుతారు. చిక్కుడుకాయలా పొడుగ్గా ఉంటుంది కనక కాయ. కాగితాల్లో దానికి వేరే పేరుంది, షెడ్డులో ఎవరికీ నోరు తిరగదు. గాలి దట్టంగా ఉండే ఎత్తుకు దిగాక, ముందు చిన్న పారాచూట్ విచ్చుకుని పెద్దదాన్ని సంచిలోంచి లాగుతుంది. ఆ సంచి మూతికి ముడి వేయడం పిన్ని పని. ఇరవై రెండేళ్లుగా అదే. ముడి కుదుపులకు ఊడకూడదు, లాగితే ఆగకూడదు. అందుకని మూతికి పుటుక్కున తెగే తెంపుదారం వాడతారు. పట్టీలకు మాత్రం బిగిదారం, ఏనుగు లాగినా తెగనిది. రెండూ తెలుపే, రెండూ ఒకే లావు. తేడా ఒక్కటే, బిగిదారానికి చేతికి తెలియనంత మైనం పట్టిస్తారు.

ఏ ఉండ ఏదో తేల్చడానికి రూల్సు పుస్తకంలో ఒక పద్ధతుంది. రోజూ పొద్దున మూరెడు దారం తీసి, తూకం రాయి కట్టి వేలాడదీసి, తెగిందో లేదో రాసుకోవాలి. షెడ్డులో ఆ పని ఎవరూ చేయరు. సూదిలోకి ఎక్కించేముందు దారం కొస నోట్లో తడుపుతారు గదా, మైనముందో లేదో నాలుకే చెప్పేస్తుంది. ఇన్నేళ్లలో పిన్ని నాలుక ఒక్కసారీ తప్పు చెప్పలేదు. అందుకని తూకం రాయిని తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకున్నారు.

ఒకరోజు పొద్దున ఆమె దవడపన్ను పీకించుకుని నేరుగా పనిలోకొచ్చింది. ఇంటికెళ్లమన్నాడు మేనేజరు. అతను ఆమెకు సొంత అక్క మొగుడు.

“కుట్టేది పన్నుతో కాదులే బావా,” అంది మత్తు దిగని మూతితో, సగం అక్షరాలు మింగుతూ.

ఆ పూట ఒక్క కాయే కట్టింది. పదిహేడో నంబరు. దాని పట్టీలు ముందురోజే కుట్టేశారు, సంచి మూతి ముడి ఒక్కటే మిగిలింది. సాయంత్రానికల్లా దాన్ని పైనున్న ఓడకు పంపేశారు.

మర్నాడు తొమ్మిదింటికి వచ్చి, తెంపుదారం కొక్కేనికున్న, నిన్న వాడిన ఉండలోంచే దారం తీసి కొస నోట్లో పెట్టుకుంది. మైనం. పక్క కొక్కేనిది తీసి చూసింది. మైనం లేదు. సరుకు తెచ్చినవాడు నిన్న పొద్దున రెండు ఉండలూ తారుమారుగా తగిలించాడు. నిన్న నాలుక మొద్దుబారి ఉంది. అంటే పదిహేడో కాయ సంచి మూతికి ఏనుగు లాగినా తెగని దారం పడింది. ఆ కాయ దిగేది సాయంత్రం నాలుగింటికి.

బావ గదిలోకెళ్లి తలుపేసింది.

“పదిహేడు ఆపాలి బావా.”

కారణం విన్నాక ఆయన చూపు ముందు గోడమీదికి పోయింది. రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. పదిహేనేళ్లలో ఈ షెడ్డు కాయ ఒక్కటీ తప్పలేదని గోడమీద బోర్డు రాయించుకున్నాడు.

“పైవాళ్లు రుజువేంటని అడుగుతారే. మా మరదలి నాలుక చెప్పింది అనమంటావా?”

“అను. సిగ్గయితే రేపు బోర్డు చెరిపి కొత్తది రాయించుకో.”

తిట్టుకుంటూనే ఫోనందుకున్నాడు. ఆ ఒక్క పనికి ఆయన్ను మెచ్చుకోవాలి.

పైనున్న అధికారి నవ్వాడు. నాలుక మాట మీద విన్యాసంలో ఒక మనిషిని తగ్గించలేనన్నాడు. పిన్ని ఫోను లాక్కుంది. “కాయలో తల వెనకాల మూత తీస్తే ముడి చేతికందుతుంది సార్. అందులో దిగే మనిషిని పిలవండి. రుజువు తనే చెప్తుంది.”

వాళ్లు పిలిచేలోపు, తన గుండీల డబ్బాలోంచి దారం తీసింది. సైన్యమంతటికీ ఇచ్చే దారమే అది. ఒంటిపోగుకి తలుపు దగ్గరి రాయి కట్టి వేలాడదీసింది. పుటుక్కున తెగింది, అచ్చం తెంపుదారం లాగే. రాయి చాన్నాళ్లకు తన పని తాను చేసింది.

“ఎవరండీ?” అంది పైనుంచి గొంతు.

“మెడ నిటారుగా పెట్టమన్న పిన్నిని.”

“అమ్మో. చెప్పు పిన్నీ.”

“ముడి తోక నాలుక మీద పెట్టి చూడు.”

మూత తీసిన చప్పుడు వినిపించింది. “కొవ్వొత్తి నమిలినట్టుంది.”

బావ కుర్చీలో కూలబడ్డాడు. అధికారి నవ్వూ ఆగిపోయింది.

“కత్తిరించెయ్. గుండీల దారముందా?”

“నల్లదుంది.”

“నల్లదైతేనేం, అందానికా? ఒంటిపోగు తీసుకో. రెండు చుట్లు, ఒక్క ముడి. ఇంకో ముడి వేద్దామనిపిస్తుంది. వెయ్యకు.”

“నిజంగానే వెయ్యాలనిపిస్తోంది పిన్నీ.”

“అందరికీ అనిపిస్తుంది. అందుకే నాకు జీతమిస్తున్నారు.”

నాలుగింటికి షెడ్డంతా తెర ముందు చేరింది. నలభై ఎర్రచుక్కలు. పారాచూట్ విచ్చుకున్న కాయ చుక్క పచ్చబడుతుంది. పదిహేడు ఎనిమిదోదిగా పచ్చబడింది, ఏమీ జరగనట్టు, ముందూ వెనకా ఉన్నవాటిలాగే. చప్పట్లు కొట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. పిన్ని నేలమీద చతికిలబడి, ఆకలేస్తోందంది. నిన్నటినుంచీ ఏమీ నమల్లేదు. బావ తన అన్నం డబ్బా విప్పి ముందుపెట్టి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆమె పన్నున్న వైపే నములుతూ నిదానంగా తింది, ఒక్క మెతుకు మిగల్చకుండా.

వారానికి ఒకే కవర్లో రెండు కాగితాలొచ్చాయి. ప్రాణం కాపాడినందుకు ప్రశంస, రాయి కట్టి చూడనందుకు ఆరు రోజుల జీతం కోత. రెంటికీ సంతకం ఒకరిదే. పిన్ని ఏ ఒక్కటీ తప్పనలేదు. ఇప్పుడు రాయి రోజూ వేలాడుతోంది, తలుపుకి కుర్చీ అడ్డం పెడుతున్నారు.

తర్వాతి విన్యాసానికి కొలతలివ్వడానికొచ్చి, ఆ సైనికురాలు కాయలో కూర్చుని మెడ తనంతట తనే నిటారుగా పెట్టింది.

“ఇంతకీ నీకేం పోయింది పిన్నీ?”

“ఒక పన్ను. ఆరు రోజుల జీతం.”

ఉండలు తారుమారు చేసింది సరుకులవాళ్లే కాబట్టి కోసిన జీతం తిరిగివ్వాలని విచారణలో తేలింది. ఉత్తర్వు వచ్చి ఎనిమిది నెలలైంది. బావ రిటైరయ్యాడు. డబ్బు ఇంకా రాలేదు.