రోడ్డుకు భయమేంది?

కొచ్చి దగ్గర దీవులు చూసి సిటీకి తిరిగొస్తున్నాం. పడవ కాస్త ఊగగానే, నరసరావుపేట నుంచి నాతో వచ్చిన మా పెద్దమ్మ కళ్ళు మూసుకుని, పక్కనున్నావిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ దీవిలో పుట్టి పెరిగిన టీచరు, రోజూ ఈ పడవలోనే సిటీలో బడికి వెళ్తుందట.

“అమ్మాయ్, నీకు ఈతొచ్చా?” అంది పెద్దమ్మ. నేను ఇంగ్లీషులో అడిగాను.

రాదని ఆవిడ నవ్వింది.

“ఓర్నాయనో! మరి రోజూ ఎట్టా ఎక్కుతున్నావు?”

నీళ్ళంటే భయం లేదనీ, సిటీలో రోడ్డు దాటాలంటేనే భయమనీ ఆవిడ చెప్పింది.

పెద్దమ్మ చటుక్కున కళ్ళు తెరిచింది. “రోడ్డుకు భయమేంది?”

ఒడ్డుకు చేరినా పెద్దమ్మ ఆవిడ చెయ్యి వదల్లేదు. రోడ్డు దగ్గరికి రాగానే రెండో చెయ్యి పైకెత్తి, “ఆగరా, ఆడపిల్లొస్తంటే కనపడట్లా?” అని తెలుగులోనే కేకేసింది. మలయాళం బస్సు ఠక్కున ఆగింది. ఇద్దరూ దర్జాగా దాటేశారు.

నేను మాత్రం ఇవతలే ఉండిపోయాను.