సిరప్పు మూత

మా మామగారికి కొలత అంటే ప్రాణం. ఊళ్ళో మిగతా రైతులు పురుగుమందును కంటి అంచనాతో ట్యాంకులోకి వంచేస్తారు. ఆయన అలా చేయరు. ఎక్కువైతే మామిడి పూత మాడిపోతుంది, తక్కువైతే పూతను పీల్చే తేనెమంచు పురుగు చావదు అంటారు. అందుకని చిన్నపిల్లల జ్వరం సిరప్పు సీసాకు బోర్లించి వస్తుందే, గీతలున్న ప్లాస్టిక్ మూత, దాంతో కొలుస్తారు. ఏ గీత దాకా కావాలంటే ఆ గీత దాకా, బొట్టు తేడా రాకుండా. ఆయన కాపు చూసి ఊరంతా మెచ్చుకుంటుంది, అది నిజమే.

మాది నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఊరు. ముదురు తోటలకు ట్రాక్టరు పెట్టి కూలీలతో మందు కొట్టిస్తారు. ఇంటి వెనక లేత తోట మాత్రం మామగారిదే. మా పాప పుట్టిన ఏడాది అంటు మొక్కలు తెచ్చి వేశారు. దానికి భుజాన ట్యాంకు తగిలించుకుని ఆయనే కొట్టేవారు. మందు డబ్బాలన్నీ షెడ్డులో ఉంటాయి, షెడ్డుకు తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. ఆ విషయంలో ఎవరూ వేలెత్తి చూపలేరు. పని అయ్యాక మాత్రం ఆ మూతను కుళాయి కింద అటూ ఇటూ ఆడించి, తెచ్చి వంటింటి కిటికీలో బోర్లించేవారు. షెడ్డులో పెడితే ఎలకలు ఎత్తుకుపోతాయట.

నేను మొదట వాసనతో పట్టుకున్నాను. పాపకు సిరప్పు పోద్దామని కిటికీలోంచి మూత తీస్తే ముక్కు అదిరింది. అడుగున నూనె జిడ్డులాంటిది ఇంకా అంటుకునే ఉంది.

"ఏంటి మామయ్యగారూ ఇది? పిల్లకి మందు పోసే మూత గదండీ!"

"కడిగాను గదమ్మాయ్," అన్నారు ఆయన, కండువాతో మెడ తుడుచుకుంటూ.

అత్తగారు పొయ్యి దగ్గర నుంచే అందుకున్నారు. "నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ చూస్తున్నా. ఎవరికేమయ్యింది? చదవేస్తే ఉన్న మతి పోయిందంట."

మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా నవ్వారు. నేను ఆ మూతను చెత్తలో పడేశాను. వారం తిరగకుండా కిటికీలో ఇంకోటి వచ్చింది. చూస్తే పాప కొత్త సిరప్పు సీసా బోడిగా ఉంది. దాన్నీ పడేశాను. మళ్ళీ ఇంకోటి వచ్చింది. చివరికి ఇది ఇంట్లో పెద్ద వేళాకోళమైపోయింది. చుట్టాలొస్తే అత్తగారు కాఫీలు ఇస్తూ, "మా కోడలికి మూతలంటే పడదండీ, కనపడితే చాలు విసిరేస్తది," అని చెప్పి నవ్వించేవారు.

నేను నూజివీడులో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు చెబుతాను. గడియారం బ్యాటరీ బిళ్ళలు నోట్లో పెట్టుకోకండి, పెన్ను మూతలు నమలకండి, ప్లగ్గులో వేలు పెట్టకండి అని రోజూ అరుస్తాను. ఆ పిల్లలు నయం, రెండోసారి చెబితే వింటారు. మా ఇంట్లో వాళ్ళు వినరు. పైగా మనకంటే పెద్దవాళ్ళు, గట్టిగా అంటే నోరున్న కోడలని పేరు.

పాపకు అప్పుడు మూడో ఏడు నడుస్తోంది. మామిడి పూత మీదుంది. ఆ రాత్రి పాప ఒళ్ళు కాస్త వెచ్చబడితే నేనే చెంచాతో సిరప్పు పోశాను. తెల్లారేసరికి చెమట పట్టి తగ్గింది. నా బడిలో ఆ రోజు పరీక్షలు, సెలవు ఇవ్వరు. బయల్దేరే ముందు అత్తగారిని పిలిచి చూపించాను. "ఇదిగో సీసా, ఇదిగో చెంచా. మళ్ళీ వెచ్చబడితే ఒక్క చెంచా పొయ్యండి. కిటికీలో మూత మాత్రం ముట్టుకోకండి అత్తయ్యా." ఆవిడ "సరేలే, పో, బస్సు పోతది," అన్నారు. ఇంతకంటే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత జరిగింది నేను ముక్కలు ముక్కలుగా రాబట్టుకున్నదే. పొద్దున్నే గాలి లేవకముందు మామగారు లేత తోటకు మందు కొట్టారు. మూత ఎప్పట్లాగే కిటికీలోకి వచ్చింది. పదకొండింటప్పుడు పాప ఒళ్ళు మళ్ళీ కాలింది. అత్తగారికి చెంచా కనిపించింది. కానీ చెంచాకు గీతలుండవు గదా. టీకాలు వేసే అమ్మాయి మూతతో కొలిచే పొయ్యమని ఎప్పుడో చెప్పిందట. నా మాట గాలికి పోయింది కానీ ఆ అమ్మాయి మాట గుర్తుంది ఆవిడకు. కొలత తప్పకూడదని మూతతోనే పోశారు. ఆ ఇంట్లో కొలత ఎవరూ తప్పరు.

కాసేపటికి పాప వాంతి చేసుకుంది. నోట్లోంచి సొంగ ధారగా కారడం మొదలైంది. గౌను తడిసిపోయింది, కాళ్ళు వణికాయి. అత్తగారు ఏం చేశారంటే, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేశారు. మిరపకాయలు మాడినా ఘాటు రాలేదట. ఘాటు రాలేదంటే గట్టి దిష్టి అన్నమాట. మళ్ళీ తీశారు. పక్కింటావిడను పిలిచి ఆవిడ చేత కూడా తీయించారు. పిల్ల గుడ్లు తేలేస్తుంటే అప్పుడు మా ఆయనకు ఫోన్ చేశారు. ఆయన తోటలోంచి వచ్చి, అత్తగారి ఒళ్ళో పిల్లను పెట్టి, బండి మీద నూజివీడు తీసుకొచ్చారు. మామగారు వెనక ఆటోలో వచ్చారు.

బడికి ఫోన్ వచ్చి నేను ఆస్పత్రికి పరిగెత్తేసరికి పిల్ల మంచం మీద ఉంది. ఊపిరి గురగురమంటోంది. డాక్టరుగారు టార్చి వేసి కళ్ళు చూశారు. కనుపాపలు ఆవగింజంత అయిపోయాయి.

"ఇంట్లో పురుగుమందులున్నాయా?" అని అడిగారు.

"ఉన్నాయండీ, కానీ షెడ్డులో తాళం వేసి ఉంటాయి. పిల్లకి అందవు," అన్నారు మా ఆయన.

"ఏమైనా తాగిందా? తిన్నదా?"

"ఏం లేదండీ, జ్వరం మందు పోశాం అంతే," అన్నారు అత్తగారు. మామగారు గోడ మీద పోస్టరు చదువుతున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

నేను అత్తగారి భుజం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "దేంతో పోశారు?" అన్నాను. ఆవిడ మామగారి వైపు చూశారు. "దేంతో పోశారు చెప్పండి!" అని అరిచాను. వరండాలో ఉన్న వాళ్ళంతా తిరిగి చూశారు.

"మూతతోనే," అన్నారు ఆవిడ.

డాక్టరుగారికి నేనే చెప్పాను, ఏ మూత, దాంతో ఇంకేం కొలుస్తారు, అన్నీ. మందు పేరేంటని ఆయన అడిగితే మామగారు నోరు విప్పలేదు. ఆయనకు తెలియక కాదు. పదిమందిలో ఆ పేరు చెబితే మనవరాలికి తనే పోసినట్టవుతుందని. మా ఆయన పాలేరుకు ఫోన్ చేసి, షెడ్డు తాళం పగలగొట్టించి, డబ్బా మీద కాగితం ఫోటో తెప్పించారు. తాళంచెవి మొలతాడుకు, మందు పేరు నోటి చివర పెట్టుకుని మామగారు మా పక్కనే నిలబడి ఉన్నారు. ఆ మనిషిని ఆ క్షణంలో అసహ్యించుకున్నాను. ఆ అసహ్యం ఇంకా పోలేదు.

డాక్టరుగారు ఇంజక్షన్లు మొదలుపెట్టి, అంబులెన్సులో విజయవాడ పంపించారు. దారి పొడుగునా పిల్ల నోటి నురగ నా చీర కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. దేవుడికి మొక్కుకోవడం కూడా గుర్తు రాలేదు. బతికింది. బతికినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో వాళ్ళందరికీ తర్వాత పెట్టాను.

ఇంటికి వచ్చాక చూడ్డానికి ఊరంతా వచ్చింది. వచ్చిన వాళ్ళంతా ముందు పాపను చూసి, తర్వాత నన్ను చూసేవాళ్ళు. ఒళ్ళు కాలుతున్న పిల్లను వదిలేసి బడికి పోయిందట గదా తల్లి, అని వాకిట్లో అనుకోవడం లోపలికి వినిపించేది. మా అత్తగారు కాదనలేదు. దిష్టి తీయడం వల్లే అంతటితో పోయిందని కూడా చెప్పారు. మామగారు ఒకే ఒక్కసారి, అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ అన్నారు: "నేను కడిగే పెట్టాను అమ్మాయ్." తప్పయిందనలేదు. నేను ఆయనకు మజ్జిగ పోయకుండా లేచి వెళ్ళిపోయాను. ఆ మజ్జిగ పోయకపోవడం గురించి కూడా బంధువుల్లో చాలాకాలం చెప్పుకున్నారు.

రెండు నెలలు చూసి, నూజివీడులో బడికి దగ్గరగా ఒక గది తీసుకుని పాపతో వచ్చేశాను. మా ఆయన కొన్ని రోజులు ఇక్కడ, కొన్ని రోజులు తోటలో. ఆయన నన్ను తిట్టలేదు, వాళ్ళనూ ఒక్క మాట అనలేదు. "పెద్దవాళ్ళు, వదిలెయ్," అంటారు. ఆయన వదిలేయగలరు, ఆ అంబులెన్సులో ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నారు.

ఇప్పుడు పాప రెండో తరగతి. సెలవుల్లో తాతయ్య నానమ్మల దగ్గరికి వెళ్తానంటుంది, తీసుకెళ్తాను, వెంట నేనూ ఉంటాను. కిందటి వేసవిలో అలా వెళ్ళినప్పుడు, పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అమ్మా, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నువ్వెందుకు వెళ్ళిపోయావు?"

"ఎవరు చెప్పారు?"

"నానమ్మ. నువ్వెళ్ళిపోతే నానమ్మే నన్ను బతికించిందంట గదా?"

నా ఒళ్ళు భగ్గుమంది. లేచి వెళ్ళి ఆవిడను నిలదీద్దామనుకున్నాను. కానీ పిల్ల నా చెయ్యి వదల్లేదు, జవాబు కోసం చూస్తోంది. అప్పుడు ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాను. మూత సంగతి, చెంచా సంగతి, ఆస్పత్రిలో ఎవరూ నోరు విప్పని సంగతి. ఏడేళ్ళ పిల్లకు చెప్పే కథ కాదని నాకు తెలుసు. చివర్లో, "ఈ ఇంట్లో ఎవరేమిచ్చినా నన్ను అడక్కుండా నోట్లో పెట్టుకోకు," అన్నాను. సరేనంది, అటు తిరిగి పడుకుంది. నిద్రపోయిందో లేదో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున అందరం వసారాలో కూర్చుని ఉన్నాం. మా అత్తగారు బంగినపల్లి కాయ కడిగి, తొక్క తీసి, ముక్క కోసి మనవరాలికి అందించారు. పాప ముక్క పుచ్చుకుంది. తినలేదు. చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. మామగారు చూశారు, మా ఆయన చూశారు. అత్తగారి చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకు. "నేను పెడితే తినవా అమ్మా?" అన్నారు.

పాప ఇంకా నా వైపే చూస్తోంది. నేను తల ఊపాను. అప్పుడు తింది.