నూనె గమ్మునయ్యేదాకా

ఇంజన్ల మామ పోయాడు. సోమవారం పొద్దున పత్తికొండ మార్కెట్లో టమాటా గంపలు దించుతుంటే ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఓర్వకల్లు చుట్టుపక్కల డీజిల్ పంపులున్న రైతులకు ఆయనను పరిచయం చేయక్కర్లేదు. మిగతావారి కోసమే ఈ నాలుగు మాటలు.

నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. వాడేసిన వంటనూనెతో బయోడీజిల్ చేసుకోవచ్చని ఒకదాంట్లో చదివిన రోజే, మామ ఇంజన్లు బాగుచేసే షెడ్డుకు పరుగెత్తాను. డీజిల్ కొనడమే బానిసత్వమని అరగంట ఉపన్యాసమిచ్చాను. ఇంజన్ వెనక నుంచి తల బయటపెట్టి, "బానిసత్వం యాడికీ పోదులే అల్లుడా, ముందు ఆ పానా ఇట్లియ్యి" అన్నాడు. అన్నాడే గానీ, మరునాడు బజ్జీల బండ్ల దగ్గర మాడిన నూనె డబ్బాల కొద్దీ తెచ్చిపెట్టాడు.

ఆదివారం చర్చి విడిచేసరికి మా నాయన పంపు ఆ నూనెతో నడుస్తుందని ఊరంతా చాటాను. మామ ఒప్పుకోలేదు.

"మీ నాయన పంపు జోలికి పోవద్దు, చెనిక్కాయ పైరు ఎండుతాండాది. చెడితే నా ఇంజన్ చెడనీ."

నూనెలో తడి పోయేదాకా కాచాలి. అప్పటిదాకా అది చిటపటమంటూనే ఉంటుంది. "ఇంకా మాట్లాడుతాండాది. గమ్మునయ్యేదాకా ఉండు. అదీ నీ మాదిరే" అని చెప్పి ఆయన ప్రార్థనకు వెళ్లాడు. నాకు ఓపికేది? నూనెను ఇంధనంగా మార్చే మందు, కాస్టిక్ సోడా కలిపిన మిథనాల్, అప్పుడే పోసేశాను. జనం వచ్చేసరికి డ్రమ్ములో ఇంధనం లేదు, తడి పోని నూనె గోధుమరంగు సబ్బు ముద్దై ఉంది.

"ఏమప్పా, ఇంజనుకు తలంటు పోస్తాండావా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. కోపంతో కరపత్రం చింపబోయాను. మామ తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, ఒక ముద్ద తీసుకుని, ఎన్నేళ్లుగానో వేళ్ల సందుల్లో ఇంకిన గ్రీజు రుద్దాడు.

"శానా బాగుండాది. ఇంక నేను సబ్బు కొనేది లే."

సబ్బులో మిగిలిన ఆ సోడా మందుకు ఆయన చేతులు ఎర్రగా మండాయని తర్వాతెప్పుడో ఆయన కూతురు చెబితే తెలిసింది.

మరుసటి ఆదివారం నూనె పూర్తిగా గమ్మునయ్యేదాకా కాచాను. మామ ఇంజన్ నడిచింది. పొగంతా బజ్జీల వాసన. "ఆకలైతాండాది" అని నవ్వాడు. ఆ సాయంత్రమే మిగిలిన నూనెను మా నాయన పంపులో తన చేత్తోనే పోశాడు. చెనిక్కాయ బతికింది.

ఆ సబ్బును ముక్కలు కోసి ఆరబెట్టి, ఇన్నాళ్లూ అదే వాడాడు. నిన్న సమాధి దగ్గర నుంచి నేరుగా షెడ్డుకు పోయాను. తొట్టి గట్టు మీద చివరి ముక్క ఉంది. సన్నగా అరిగిపోయింది, నడుమ ఆయన బొటనవేలి గుంట. సమాధిలో వేసిన మట్టి నా చేతులకు అలాగే అంటుకుని ఉంది. కడుక్కోలేదు.