బ్రేకు స్విచ్చికి రెండు చుట్లు

షెడ్డు షట్టరు ఎత్తగానే మేస్త్రి చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకుంటాడు. పని నేర్చుకునే రోజుల్లో దాని ఇనుప గొలుసు బ్యాటరీకి తగిలి మణికట్టు చుట్టూ కాలింది. ఆ తర్వాత నిన్నటి వైరు ముక్కల్ని రంగుల వారీగా మేకులకు తగిలిస్తాడు. అదయ్యాకే మొదటి కారు బానెట్ ఎత్తుతాడు.

కార్ల కరెంటు పనిలో అతనిది నలభై మూడేళ్ళ చెయ్యి. వీధిలో అతని పేరు అనుమానం మేస్త్రి. హారన్ మోగడం లేదని వెళ్తే, "హారన్ సంగతి సరే, మీరు ఏ చేత్తో నొక్కుతారు?" అని అడిగే మనిషి. ఏ సామాను మార్చాలన్నా ముందు బండి నడిపేవాడి పక్కన కూర్చుని ఒకసారి తిరిగి రావాలి. "కారుకి ఇంటర్వ్యూ చేస్తున్నావా మేస్త్రీ, ఉద్యోగం ఇస్తావా?" అని పక్క పంక్చర్ షాపువాడు రోజూ ఏడిపిస్తాడు.

అతన్ని ఈ పనిలో పెట్టింది అన్నయ్య. తండ్రి పోయిన ఏడాది, పదమూడేళ్ళ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఒక పాత మేస్త్రికి అప్పజెప్పాడు. "నేను నడుపుతాను, నువ్వు బాగుచెయ్యి. ఇక మనకి ఎవరితోనూ పని ఉండదు," అన్నాడు. అన్నట్టే డ్రైవరయ్యాడు. నలభై ఏళ్ళలో తను నడిపిన ఏ బండి మీదా గీత పడనివ్వలేదని వదిన ఇప్పటికీ చెబుతుంది.

నాలుగేళ్ళుగా అన్నయ్య కార్లు అద్దెకు తిప్పే ఒక ఏజెన్సీ వాళ్ళ పాత కారు నడుపుతున్నాడు. కిడ్నీలు పాడైన ముగ్గురిని వారానికి మూడుసార్లు పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళి, రక్తం శుభ్రం చేయించుకున్నాక తీసుకురావాలి. గంటన్నర దారి. ఆ కారులో క్రూజ్ కంట్రోల్ ఉంది. వేగం అందుకున్నాక బటన్ నొక్కి కాలు తీసేస్తే, మళ్ళీ బ్రేకు తొక్కేదాకా కారు అదే వేగంతో తనంతట తనే పోతుంది. అదే చెడిపోయిందని ఒకరోజు పొద్దున్నే వచ్చాడు.

"పది నిమిషాలు పట్టుకుంటుంది, వదిలేస్తుంది. ఇద్దరు మెకానిక్కులు చూశారు. ఒకడు బటన్లు మార్చాడు, ఇంకొకడు చేతులెత్తేశాడు."

"ముందే నా దగ్గరికి రావచ్చుగా అన్నయ్యా."

"నీ దగ్గరికొస్తే రోగం కంటే ప్రశ్నలెక్కువ."

మేస్త్రి రెండు రోజులు దాని మీదే కూర్చున్నాడు. ఫ్యూజు చూశాడు. గేరుబాక్సు దగ్గర వేగం లెక్కపెట్టే వైరుని కొసదాకా తడిమాడు. ఇంజిన్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం ఒక చోట వెంట్రుకవాసి పగిలితే మార్చాడు. అన్నయ్య పక్కన కూర్చుని ఒకసారి తిరిగి రావడం మాత్రం చెయ్యలేదు. నలభై ఏళ్ళ డ్రైవరుని, అందులోనూ సొంత అన్నని, నువ్వు నడిపే తీరు చూపించమని ఎలా అడుగుతాడు? తనే బైపాస్ మీద నలభై నిమిషాలు నడిపాడు. క్రూజ్ ఒక్కసారీ వదల్లేదు.

తిరిగిచ్చిన మూడోనాడు కారు మళ్ళీ షెడ్డు ముందు ఆగింది.

"మళ్ళీ అదే. నీ చెయ్యి పోయిందిరా," అన్నాడు అన్నయ్య.

ఇక మేస్త్రి తన పాత పద్ధతికే వచ్చాడు. బ్రేకు పెడలు పైన ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. పెడలు కాస్త కదలగానే అది వెనక ఎర్ర దీపాలు వెలిగించి, క్రూజుని వదిలెయ్యమని చెబుతుంది. ఆ స్విచ్చి నుంచి ఒక వైరు లాగి, చివర చిన్న బల్బు కట్టి, దాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.

"నువ్వే నడుపు. నేనేమీ ముట్టుకోను."

బైపాస్ ఎక్కాక అన్నయ్య బటన్ నొక్కి కాలు తీశాడు. మనవరాలు బళ్ళో టీచరుకే లెక్క తప్పని చెప్పిన సంగతి నవ్వుకుంటూ చెబుతున్నాడు. ఎనిమిదో నిమిషంలో బల్బు మిణుకుమంది, ఆరింది, మళ్ళీ వెలిగి అలాగే ఉండిపోయింది. కారు వేగం తగ్గింది.

"చూశావా," అన్నాడు అన్నయ్య, పందెం గెలిచినవాడిలా.

"కాలెక్కడుంది అన్నయ్యా?"

"కిందుంది."

"కింద ఎక్కడ?"

"నేల మీదరా. కాలు నేల మీద కాక నెత్తి మీద ఉంటుందా?"

మేస్త్రి వంగి చూశాడు. అన్నయ్య కుడిపాదం బ్రేకు పెడలుకి ఆనుకుని ఉంది. కారు ఆగేంత బరువు కాదు, స్విచ్చికి తెలిసేంత బరువు. చెప్పు ఊడిపోయి పక్కన పడి ఉంది.

కారు పక్కకు తీయించాడు. అన్నయ్య దిగి, ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలు వట్టిగా, కంకర మీద బండి చుట్టూ తిరిగి వచ్చి, "ఏమైంది? ఏం కనిపించింది?" అన్నాడు. పదునైన రాయి మీదే నిలబడి ఉన్నాడు. తమ్ముడు ఆ పాదం వైపే చూశాడు. అన్నయ్య కూడా తల వంచి చూసుకున్నాడు. తర్వాత కారు తలుపు తీసి చెప్పు కోసం వెతుక్కున్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఏడాది పైనే. షుగరు. యాక్సిలరేటర్ ఎంత తొక్కుతున్నానో తెలీదు. అందుకే ఈ క్రూజు గొడవ. అది పట్టుకుంటే నాకు దిగుల్లేదు."

"మరి బ్రేకు?"

"చూసుకుని తొక్కుతాను."

వెళ్తున్న లారీల గాలికి కారు ఊగుతోంది. అన్నయ్య గొంతు తగ్గించి, "ఆ స్విచ్చిని కొంచెం ముందుకు తిప్పు. కాలు ఆనినా పట్టించుకోకూడదు. నీకు ఐదు నిమిషాల పని," అన్నాడు.

"తిప్పితే వెనక దీపాలు ఆలస్యంగా వెలుగుతాయి."

"వెనకొచ్చేవాడికి కళ్ళుండవా?"

"లోపల ముగ్గురు కూర్చుంటారు అన్నయ్యా."

"వాళ్ళని నాలుగేళ్ళుగా మోస్తోంది నేను. నువ్వు కాదు." చెప్పులో పాదం దూర్చుకున్నాడు. "ఒరేయ్, నాకీ పనొక్కటే వచ్చు. నీకు పని నేర్పమని అప్పుడొకడి కాళ్ళు పట్టుకున్నాను. ఇప్పుడు నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

షెడ్డుకి వచ్చాక మేస్త్రి పెడలు కింద వెల్లకిలా పడుకుని, నట్టు వదులుచేసి, స్విచ్చిని రెండు చుట్లు తిప్పి బిగించాడు.

ఆ తర్వాత పన్నెండు రోజులూ అన్నయ్య హుషారుగా ఉన్నాడు. "రాయిలా పట్టుకుందిరా," అని ఫోన్ చేశాడు. వదిన గిన్నె నిండా కూర పంపింది. మేస్త్రి రెండు ముద్దలు తిని పక్కకు పెట్టేశాడు. భార్య అడిగితే ఉప్పెక్కువైందన్నాడు.

పదమూడో రోజు ఫ్యూజులు కొనడానికి నాలుగు రోడ్ల కూడలికి వెళ్ళి నిలబడ్డాడు. అన్నయ్య కారు సిగ్నల్ దగ్గరికి వచ్చింది. వేగం తగ్గుతోంది కానీ వెనక దీపాలు ఎర్రబడలేదు. వెనకున్న స్కూటరువాడు ఆఖరి క్షణంలో పక్కకి తిప్పి, కాలు నేలకి కొట్టుకుని, బూతు తిట్టాడు. అప్పుడు వెలిగాయి దీపాలు. డ్రైవరు సీట్లో అన్నయ్య రోడ్డు వైపు చూడటం లేదు. తల వంచి పెడళ్ళ వైపు చూస్తున్నాడు. వెనక సీట్లో ఒక ముసలామె అద్దానికి తల ఆనించి నిద్రపోతోంది.

ఆ సాయంత్రమే మేస్త్రి అన్నయ్య ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలోనే చెప్పాడు.

"స్విచ్చి వెనక్కి తిప్పేస్తాను. ఏజెన్సీలో నువ్వే చెప్పు. సోమవారం దాకా చూస్తాను."

"దాటితే?"

"నేను చెప్తాను."

అన్నయ్య నవ్వాడు. "నువ్వా? నీకంత నోరెక్కడిది?"

స్విచ్చి ముట్టుకోనివ్వలేదు. మంగళవారం మేస్త్రి ఏజెన్సీ మెట్లెక్కాడు. యజమాని అంతా విని ఒక్కటే అడిగాడు, "స్విచ్చి తిప్పిందెవరు?"

"నేనే."

అన్నయ్యని అదే రోజు మాన్పించారు. ఏజెన్సీ కార్లు మళ్ళీ ఎప్పుడూ మేస్త్రి షెడ్డుకి రాలేదు.

వారం తర్వాత వదిన వచ్చింది. స్టూలు తుడిచి వేస్తే కూర్చోలేదు.

"ఒక్క గీత పడనివ్వని మనిషి. నీ వల్ల ఎవరి ప్రాణం నిలబడిందో చూపించు. వెళ్ళి దండం పెట్టుకుంటాను."

మేస్త్రి చూపించలేకపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు మరి.

"ఆ రోజు స్విచ్చి తిప్పేటప్పుడు ఈ భయం ఏమైంది?"

"అప్పుడూ ఉంది వదినా."

"ఉంటే అప్పుడే కుదరదనాలి. నాలుగు తిట్టి ఇంకో మెకానిక్కు దగ్గరికి పోయేవాడు. నువ్వు సరేనన్నావు. తమ్ముడు నా మాట తీసెయ్యలేదని ఇంటికొచ్చి మురిసిపోయాడు. ఆ తర్వాత వెళ్ళి చెప్పావు."

ఆమె వెళ్ళిపోయాక పంక్చర్ షాపువాడు ఇటు తొంగిచూసి, ఎప్పుడూ అనే మాట అనకుండా తల తిప్పుకున్నాడు.

ఆ చలికాలంలో అన్నయ్య పాదానికి ఎప్పుడు గుచ్చుకుందో తెలియని గాజుపెంకు వల్ల పుండు పడి, రెండు వేళ్ళు తీసేశారు. మేస్త్రి ఆసుపత్రికి వెళ్ళి, పళ్ళ సంచీ బల్ల మీద పెట్టి, మంచం పక్కన అరగంట నిలబడ్డాడు. అన్నయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కిందికి వచ్చాక నర్సు పరిగెత్తుకొచ్చి, పళ్ళ సంచీ మర్చిపోయారంటూ తిరిగి చేతికిచ్చింది.

మేస్త్రికి ఇప్పుడు యాభై ఆరేళ్ళు. షెడ్డు నడుస్తోంది. అన్నయ్య ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని మూడేళ్ళయింది.